కొండని తూకం వేసిన వేసవి

స్పొకేన్, వాషింగ్టన్
15 సెప్టెంబర్ 2013, ఆదివారం

ప్రియమైన చాముండికి,

ఉమ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమే అనుకుంటాను అని మొదలుపెడదామని కూర్చున్నాను. ఆరేళ్ళుగా మాటల్లేని మనిషిని అంత తేలిగ్గా పలకరించడానికి పెన్ను సాగడం లేదు. నీ క్షేమసమాచారం సగం మన పాత పొరుగు శ్రీధర్ చెప్పాడు. రెడ్‌మండ్‌లో ఇల్లు కొన్నావనీ, నీ కూతురికి నాలుగో ఏడు వచ్చిందనీ, ఆఫీసులో నీ కింద పన్నెండు మంది పనిచేస్తున్నారనీ, వాళ్ళందరికీ నువ్వంటే హడలనీ చెప్పాడు. ఆఖరిది వెంటనే నమ్మాను. మిగతా సగం నువ్వు రాస్తేనే తెలియాలి.

ఈమెయిల్ అయితే తెరవవు. రెండుసార్లు పంపి చూశాను కదా. అందుకే కాగితం పట్టుకున్నాను, అడ్రసు శ్రీధర్‌ని బతిమాలి తీసుకున్నాను, వాణ్ణి తిట్టకు. కవరు మీద పేరు చూసి కూడా చింపకుండా ఇక్కడిదాకా వచ్చావంటే ఇంకాస్త ఓపిక పట్టు. ఈ కోడిగీతలు నీకు కొత్త కాదు. ఆ వేసవంతా నువ్వు చెప్పిన అంకెలు ఈ రాతలోనే కదా పుస్తకంలోకి ఎక్కింది.

మొన్న ఆగస్టులో మన కొండకి వెళ్ళివచ్చాను. యాకిమా దాటాక ఆ మలుపు దగ్గర కారు ఆపి దిగాను. అదే గాలి, నిలబడనివ్వదు, కూర్చోనివ్వదు. సాక్సుల్లో దూరి గుచ్చుకునే గడ్డి గింజలు కూడా అవే, కొత్త తరం వచ్చిందేమో గానీ బుద్ధి మారలేదు. సేజ్ పొదల ఆకు నలిపి వాసన చూశాను. వాము డబ్బా మూత తీసినట్టుందని నువ్వు అనేదానివి. నిజంగానే అలా ఉంది. అక్కడ ఒక్కదాన్నే నిలబడి కాసేపు ఏడ్చాను. గాలికి కళ్ళు మండాయని నాతో వచ్చినవాళ్ళకి చెప్పాను.

ముడుత పర్వతాలు అని స్కూల్లో బట్టీపట్టిన మాటకి అర్థం మనిద్దరికీ తెలిసింది అక్కడే. ఆ నల్లరాతి నేలంతా, ఎవరో కాలితో తోసిన చాపలా, వరుసగా మడతలు పడి లేచింది. మడత మరీ బిగిస్తే ఎక్కడో చిరుగుతుంది. ఆ చిరుగే ఫాల్ట్. దాన్ని పైన మట్టి కప్పేస్తే కంటికి కనబడదు. కనబడనిదాన్ని వెతకడానికే ప్రొఫెసర్ హాల్వర్‌సన్ మనిద్దరినీ పంపాడు. ఇద్దరూ ఒకే భాషవాళ్ళు, పోట్లాడుకోకుండా పనిచేస్తారు అనుకుని ఉంటాడు పాపం. విశాఖపట్నం పిల్లకీ సిద్దిపేట పిల్లకీ పొద్దున టీలో అల్లమా యాలకులా అన్న దగ్గరే యుద్ధం మొదలవుతుందని ఆయనకేం తెలుసు.

మన చంటిది గుర్తుందా? గ్రావిమీటర్ అని దానికి ఎంత గొప్ప పేరున్నా మనకది చంటిదే. లోపల సన్నటి స్ప్రింగు, దానికి వేలాడే చిటికెడు బరువు. కింద బరువైన రాయి ఉంటే ఆ స్ప్రింగు కాస్త, కాస్తంటే వెంట్రుకలో వెయ్యోవంతు, ఎక్కువ సాగుతుంది. తేలికపాటి మట్టి ఉంటే అంత తక్కువ. అదే దాని విద్య. దానికి ఎప్పుడూ ఒకే వెచ్చదనం ఉండాలి. కుదపకూడదు, పడుకోబెట్టకూడదు. పక్క అపార్ట్‌మెంట్ శ్రీధర్ ఇచ్చిన ఆ డొక్కు కారులో నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇద్దరికీ కలిపి సీటుబెల్టు వేసుకునేదానివి. గుంట వస్తే చాలు, మెల్లగ పోనియ్యవే తల్లీ, బిడ్డ లేస్తది అని నా మీద అరిచేదానివి.

మీటరు నీది, పుస్తకం నాది. నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని సరిగ్గా మట్టం చేసి, అద్దంలోకి ఒక కన్ను పెట్టి, డయల్ తిప్పి అంకె చెప్పేదానివి. నేను టైమూ అంకే రాసేదాన్ని. నా వీపు మీద జీపీఎస్ ఉండేది. ఎత్తు సరిగ్గా తెలియకపోతే గ్రావిటీ రీడింగు దేనికీ పనికిరాదు కదా, పైకెక్కేకొద్దీ తగ్గుతూ పోతుంది. ఆ జీపీఎస్ దారి పొడుగునా తన పాటికి తాను టైమూ ఎత్తూ రాసుకుంటూ పోయేది. ఏ స్టేషన్‌కి, అంటే ఆగి కొలిచిన ఏ చోటికి, ఏ ఎత్తో తర్వాత కంప్యూటర్‌లో టైము చూసి జత కలపడమే.

పుస్తకంలో చివర రిమార్కుల గడి ఒకటి ఉండేది. దాన్ని మాత్రం మనం తెలుగులో రాసుకునేవాళ్ళం. ప్రొఫెసర్ అడిగితే నేల రకం రాస్తున్నాం అని చెప్పాం. నిజానికి ఏం రాశామో ఇప్పుడు చదివితే నవ్వాగదు. ఐదో స్టేషన్: ఇక్కడ పాము, చాముండి నాకంటే ముందు పరిగెత్తింది. పదకొండో స్టేషన్: ఆవకాయ అయిపోయింది, జీవితం వ్యర్థం. ఆ డిపార్ట్‌మెంటు మొత్తంలో ఆ గడి చదవగలిగినవాళ్ళం మనిద్దరమే.

కొండకి ఉత్తరం వైపు అడుగున ఉన్న చెర్రీ తోట పెద్దాయన కూడా గుర్తొచ్చాడు. ఇళ్ళ స్థలాలు కొలవడానికి వచ్చామనుకుని మొదటిరోజు గేటు దగ్గరే ఆపేశాడు. మీ కొండని తూకం వేస్తున్నాం అని నువ్వు ఇంగ్లీషులో చెప్పావు. ఎంత తూగింది అని అడిగాడు. ఇంకా పూర్తిగా ఎక్కలేదు, ఎక్కాక చెబుతాం అన్నావు. బకెట్ నిండా చెర్రీలు ఇచ్చి పంపాడు. రెండు రోజులు అవే తిన్నాం, మూడో రోజు వాటితో నువ్వు పచ్చడి చేస్తానన్నావు. ఆ పచ్చడి గురించి ఇంక రాయను, పోయినవాటి గురించి చెడ్డగా మాట్లాడకూడదు.

ఇక నా గడియారం. ఇండియా నుంచి తెచ్చుకున్నది, దాని టైము మార్చనని మొండికేసేదాన్ని. వేసవిలో ఇక్కడికీ అక్కడికీ పన్నెండున్నర గంటలు తేడా. పగలు రాత్రి తారుమారు చేసుకుని అరగంట తీసేస్తే ఇక్కడి టైము వచ్చేస్తుంది, రెండు గడియారాలెందుకు అని వాదించేదాన్ని. ఏదో ఒకనాడు ఆ అరగంట నీ కొంప ముంచుతది అని నువ్వు వెక్కిరించేదానివి. అందుకే ఫీల్డులో ఎప్పుడూ డిపార్ట్‌మెంట్ గడియారమే వాడేవాళ్ళం.

2007 జూలై 19. ఆ రోజు డిపార్ట్‌మెంట్ గడియారం బ్యాటరీ అయిపోయింది. ఫోన్లు కారులో. నీకు చేతికి ఏం కట్టుకున్నా చిరాకు. నా దాంట్లో చూసి రాస్తాలే అన్నాను. కొండ నెత్తి మీది రోడ్డు నుంచి ఉత్తరపు వాలు దిగి తోటల దాకా పదిహేడు స్టేషన్లు. ఆ మధ్యాహ్నం గాలి కూడా ఎందుకో ఊరుకుంది. వాలు దిగి తోట చేరాక ఒకచోట నువ్వు అద్దంలోంచి తలెత్తి నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళముందుంది. ఇక్కడ అడుగున ఏదో ఇరిగింది ఉమా, నా చేతికి తెలుస్తున్నది అన్నావు. పాత మ్యాపులో ఫాల్ట్ కొండ మొదట్లోనే ఉంది. కాదు, అది ఇంకో అరమైలు అవతల, తోటల కింద ఉంది అని నువ్వు అప్పుడే అన్నావు. లెక్కలేవీ కట్టకముందే! మనకంటే ముందు ఆ మాట ఎవరూ అనలేదు. కారెక్కేదాకా నువ్వు నడవలేదు, గెంతావు.

ఆగస్టు చివర్లో హాల్వర్‌సన్ మనిద్దరినీ గదికి పిలిచాడు. స్క్రీన్ మీద ఆ రోజు గ్రాఫ్ ఉంది. మొదటి ఎనిమిది స్టేషన్లు బుద్ధిగా ఉన్నాయి. తొమ్మిది నుంచి పదిహేడు దాకా, కోడి కెలికినట్టు చిందరవందర. పొద్దున బయల్దేరేముందు బేస్ దగ్గర తీసిన రీడింగూ సాయంత్రం తిరిగొచ్చి అక్కడే తీసిందీ చక్కగా కలిశాయి, కాబట్టి మీటరు తప్పు కాదు అన్నాడు. మరింక మిగిలింది మనిషే. ఆయన నన్నడిగాడు, ఆ తొమ్మిది అంకెలూ నువ్వు కళ్ళారా చూశావా అని. ఆ అద్దంలో ఒక్క కన్నే పడుతుంది, ఆమె చెప్పింది నేను రాశాను అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. నువ్వు అద్దంలో చూడకుండానే అంకెలు చెప్పావన్న అనుమానం ఆయన నోటితో అనలేదు గానీ గదిలో అందరికీ వినబడింది. ఆ తొమ్మిదీ లేకపోతే నీ థీసిస్‌లో ఏమీ లేదు. సంతకం పెట్టలేను అన్నాడు.

బయటికొచ్చాక వరండాలో నన్ను ఆపి, నువ్వు నా పక్కనే ఉన్నవ్ గదనే అని అడిగావు. ఉన్నాను, కానీ... అన్నాను. ఆ కానీ తర్వాత ఏం చెప్పబోయానో నాకే తెలియదు. నువ్వు వినలేదు. ఆ రోజు నుంచి ఒకే వంటింట్లో రెండు పొయ్యిల మీద రెండు వంటలు. నవంబరులో నువ్వు రెడ్‌మండ్ వెళ్ళిపోయావు. కొండల్ని చదవడానికి దేశం దాటొచ్చిన పిల్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరిందని విని మన క్లాసులో అందరూ మంచిదే చేసింది అన్నారు. నేనూ తలూపాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసే మ్యాపింగ్ ఆఫీసు ఆ కొండవరసకి కొత్త ఫాల్ట్ మ్యాపు వేస్తోంది. తోటల పక్కన ఒక స్కూలు కట్టాలని చూస్తున్నారు, అందుకని. ఈ ఏప్రిల్‌లో పాత ఫీల్డు పుస్తకాలన్నీ స్కాన్ చేసే పని నాకు పడింది. మన పుస్తకం తెరిచి రిమార్కులు చదువుకుని నవ్వుకుంటున్నాను. జూలై 19, పదమూడో స్టేషన్ దగ్గర నా చేతిరాతలో ఇలా ఉంది: ఊళ్ళో పన్నెండు గంటల సైరన్ మోగింది, చాముండికి ఆకలి. పక్క గడిలో టైము: పన్నెండున్నర.

మొదటి నుంచి చివరిదాకా ఆ రోజు టైములన్నీ నా గడియారం చూసి రాశాను, అరగంట తీసేయడం మరిచిపోయాను. ఒక్కో స్టేషన్‌కి మనకి పదిహేను నిమిషాలు. అరగంటంటే రెండు స్టేషన్లు. తొమ్మిదో స్టేషన్‌లో నువ్వు తీసిన రీడింగుకి కంప్యూటర్ పదకొండో స్టేషన్ ఎత్తుని కట్టబెట్టింది. పదో దానికి పన్నెండుది. కొండ నెత్తిన అంతా ఒకే ఎత్తు కాబట్టి ముందు ఎవరికీ తేడా తెలియలేదు. వాలు మొదలవగానే అంతా తలకిందులైంది.

అరగంట వెనక్కి జరిపి మళ్ళీ లెక్క కట్టాను. నీ తొమ్మిది రీడింగులూ ఒక్కొక్కటే వచ్చి వరుసలో నిలబడ్డాయి చాముండీ. సరిగ్గా తోటల కింద, నువ్వు చెప్పిన ఆ అరమైలు దగ్గర, గ్రావిటీ మెట్టు దిగినట్టు దిగింది. ఆగస్టులో కొత్త మీటరు తీసుకెళ్ళి అదే దారిన మళ్ళీ కొలిచాం. అదే మెట్టు, అదే చోట. స్కూలు స్థలం ఇప్పుడు మార్చారు. నువ్వు ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో పట్టుకున్నదాన్ని ఇన్నేళ్ళకి ఇంతమంది ఇన్ని పరికరాలతో పట్టుకున్నారు.

నీ అంకెల్లో తప్పు లేదు. ఎప్పుడూ లేదు. తప్పు నాది, శిక్ష నీకు పడింది. ఈ మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. నన్ను క్షమించు అని అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

మ్యాపు డిసెంబరులో ప్రింటుకి వెళుతుంది. ఆ గీత పక్కన, దాన్ని మొదట కొలిచినవాళ్ళ పేరుగా నీ పేరు ఒక్కటే వేయమని అడిగాను. ఒప్పుకున్నారు. నీ అనుమతి కావాలి, దానికి సంబంధించిన కాగితం ఇందులో పెట్టాను. సంతకం చేసి అక్టోబర్ పదో తేదీ లోపల పంపితే చాలు. రిటైరైన హాల్వర్‌సన్‌కి కూడా రాశాను. ఆయన ఏమంటాడో నాకు తెలియదు గానీ, ఆయనకి తెలియాలి. నీ కూతురికి ఎప్పుడైనా ఆ మ్యాపు చూపించి, ఇది మీ అమ్మ పట్టుకున్న పగులు అని చెప్పు. శ్రీధర్ అన్నాడు, నువ్వు ఆ రోజుల గురించి ఇంట్లో అసలు మాట్లాడవట. కొండల పేరెత్తితే టీవీ సౌండు పెంచుతావట.

చిన్నదానికి నా ముద్దులు. టీలో అల్లమే వేసుకుంటున్నావని ఆశ.

ఒకప్పుడు నీ పక్కనే ఉన్న,
ఉమ

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. సంతకం పెట్టేముందు ఇది కూడా చదువు.

పైన ఏప్రిల్ అని రాశాను. అది అబద్ధం. నాకు తెలిసింది 2007 నవంబర్ 4న. ఆ ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కదా. వంటింటి గడియారం తిప్పుతూ నా చేతిది చూసుకున్నాను. ఇక మీదట అరగంట కాదు, గంటన్నర తీసేయాలి అని లెక్క వేసుకుంటుంటే, జూలై 19న అసలు తీసేశానా అనిపించింది. పుస్తకం తీశాను. సైరన్ దగ్గర వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అప్పటికి నా డిఫెన్స్‌కి, అంటే థీసిస్ వైవాకి, ఇంకా పది రోజులు ఉంది. ఒకరోజు టైములు తప్పని ఒప్పుకుంటే మిగతా రోజులవి కూడా నమ్మరు, నా థీసిస్ కూడా పోతుంది. డిఫెన్స్ అవగానే చెబుదాం అనుకున్నాను. అది అయింది. ఉద్యోగం వచ్చాక చెబుదాం అనుకున్నాను. దొంగకి తేలు కుట్టినట్టు ఆరేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను.

ఏప్రిల్‌లో జరిగిందల్లా ఒకటే. ఆ కొండని మళ్ళీ కొలుస్తారని ఆఫీసులో తెలిసింది. ఇక దాగదని తేలాకే నాకు ధైర్యం వచ్చింది. అదీ నా ధైర్యం. ఆఫీసుకీ హాల్వర్‌సన్‌కీ కూడా ఏప్రిల్ అనే చెప్పాను. నవంబర్ 4 అని మార్చి రెండు ఉత్తరాలు ఇప్పుడే రాశాను, రేపు దీనితోపాటే పోస్టు చేస్తాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వాళ్ళిష్టం.

నువ్వు వెళ్ళిపోయింది నవంబర్ 17న. అంటే పదమూడు రోజులు ఒకే ఇంట్లో, నీకు తెలియనిది నాకు తెలిసి, నీ ఎదురుగా తిరిగాను. ఆ శనివారం ఉదయం నీ పెట్టె నిండిపోయి జిప్పు పడలేదు. నువ్వు అడగకుండానే వచ్చి దాని మీద కూర్చున్నాను. థ్యాంక్సే అన్నావు. ఆగస్టు తర్వాత నువ్వు నాతో అన్న మొదటి మాట అదే. నువ్వు జిప్పు లాగుతున్నంతసేపూ నాకు తెలుసు.